పేరులో మిగిలిన తాత

పేరు పెట్టుకోవడం, ఆ పేరు పైకి అనకపోవడం అనే రెండు మర్యాదల మధ్య గోదావరి డెల్టా తన తాతలను దాచుకుంది. మనవడికి తాతపేరు పెట్టడం ఇక్కడి కుటుంబాల్లో మామూలే గాని, మామగారి పేరు కోడలు నోట రాకూడదన్న కట్టుబాటు గట్టిగా ఉన్న రోజుల్లో కన్నతల్లికే కొడుకును పేరుపెట్టి పిలిచే వీలు ఉండేది కాదు. తాతారావు, తాతాజీ, తాతబ్బాయి వంటి పిలుపులు చాలావరకు ఆ చిక్కులోంచి పుట్టినవే. వాటిలో కొన్ని బడి రిజిస్టర్లలోకీ రేషన్ కార్డుల్లోకీ ఎక్కి అసలు పేర్లే అయి కూర్చున్నాయి. మామ్మ, అంటే తండ్రి తల్లి, అల్లరి చేసిన మనవడిని పేరుపెట్టి తిట్టబోయి అది తన పెనిమిటి పేరని గుర్తొచ్చి నాలిక కరుచుకునే ఇళ్లలో, పోయిన మనిషి పూర్తిగా పోయినట్టు లెక్క కాదు.

తర్కసంగ్రహం రచించిన అన్నంభట్టు, ఆయనా తెలుగువాడే, స్మృతిని కేవలం సంస్కారం వల్ల కలిగే జ్ఞానమని నిర్వచించాడు. సంస్కారమంటే పూర్వానుభవం లోపల వదిలివెళ్లిన ముద్ర. న్యాయశాస్త్రం ప్రత్యభిజ్ఞను దీనినుంచి వేరుచేస్తుంది: ఎదుట ఉన్నవాడిని కంటితో చూస్తూ ‘ఆనాటివాడే వీడు’ అని గుర్తుపట్టడం ప్రత్యభిజ్ఞ, అందులో ఇంద్రియమూ సంస్కారమూ రెండూ పనిచేస్తాయి. తాతపేరు మోస్తున్న కుర్రవాడు చేతులు వెనక్కి కట్టుకుని వీధి అరుగు మీద నిలబడినప్పుడు ‘అచ్చం ఆయనే’ అని ఇరుగుపొరుగు అనడం ఈ రెండో కోవలోకి రావాలని చూస్తుంది. పోలిక వేరు, అభేదం వేరు గనుక తార్కికుడు దానిని భ్రమ అని కొట్టివేస్తాడు. శాస్త్రం ప్రకారం అతనిదే ఒప్పు. అయితే తెలిసి తెలిసి పెంచుకున్న ఈ భ్రమలో ఉన్నంత ప్రాణం, గోడమీద దండవేసిన పటాన్ని చూసి తెచ్చుకునే శుద్ధ స్మృతిలో కనిపించదు.

శ్రాద్ధకల్పం ఈ జ్ఞాపకానికి ఒక గడువు కూడా పెట్టింది. తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా పేరూ గోత్రమూ చెప్పి పిలుస్తారు. ఆ పైనున్న మూడు తరాలవారు లేపభాజులు, అంటే పిండం పెట్టిన చేతికి అంటుకుని మిగిలిన మెతుకుల్లో పాలుగలవారు. తాతకు ఇంకొక్క తరం మాత్రమే పేరు ఉంటుందని ఇంత నిక్కచ్చిగా ఒప్పుకున్న విధి మరొకటి ఉందో లేదో. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించే వేళ పన్నెండేళ్లకొకసారి గోదావరికి వచ్చే పుష్కరాల్లో, 2015 జులైలో జరిగినట్టుగానే, రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో ముత్తాత పేరు దగ్గర తడబడి ఇంటికి ఫోన్ చేసేవారుంటారు. అదే మెట్లమీద కారుణ్య పిండాల పేరుతో గురువుకీ స్నేహితుడికీ ఇంట్లో పనిచేసి పోయినవారికీ కూడా చోటు దొరుకుతుంది. రక్తం పెట్టిన హద్దును విధి తానే కాస్త సడలించింది.

ఈ మంత్రభాగంతో నిమిత్తం లేని ఇళ్లు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటాయి. మడత విప్పని పంచె, కండువా పటం ముందుంచి, ఆయనకు ఇష్టమైన వంటకాలు విస్తట్లో వడ్డించి, కొంతసేపు తలుపు దగ్గరగా వేస్తారు. తరవాత ఆ పంచెను ఇంట్లో ఎవరో ఒకరు కట్టుకుంటారు, తరచుగా ఆ పేరుగలవాడే.

ఇన్ని ఏర్పాట్లలోనూ ఫలానా మనిషి ఫలానాగా ఎలా బతికాడన్నది మాత్రం ఎక్కడా నిలవదు. అది దొరికితే పాత పంచాంగాల అంచుల్లోనే దొరకాలి. ఊళ్లో చిన్న ఉద్యోగమో నాలుగెకరాల సేద్యమో చేసుకున్న తాతలు డైరీలు రాయలేదు. చూరులో దోపిన పంచాంగంలో తిథి పక్కన సన్నటి అక్షరాలతో ఆవు ఈనిన రోజు, అప్పిచ్చిన రోజు, కాలవ వదిలిన రోజు రాసుకున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి డెల్టా ఇంటికి ఏడాది మొదలయ్యేది ఉగాదితో కాదు, కాలవలోకి నీరొచ్చిన రోజుతో, కనుక ఆ ఒక్క మాట మిగతావాటికంటే కాస్త పెద్దగా ఉంటుంది. నది పాయల మధ్య మేటవేసిన లంక గ్రామాల్లో ఇంకొందరు 1986 ఆగస్టు వరద ఎంతవరకు ఎక్కిందో ఇంటి స్తంభం మీద గీత గీసి ఉంచారు. మండువా లోగిళ్లు పడగొట్టి వాటాలు పంచుకుంటున్నప్పుడు కలప దుంగలకు ధర కడతారు, గీతకు కట్టరు.

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. ఈలోగా పాత కాగితాలవాడికి తూకానికి వేసేముందు ఆ పంచాంగాల అంచులు ఒక్కసారి తిరగేయండి.