పూడ్చిన బావులు తిరిగి తవ్వుదాం



తాడిపత్రి ప్రాంతపు రైతుకు చీనీ చెట్టు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అప్పు చేసి, బోరు వేయించి, నాలుగైదేళ్ళు బిడ్డను సాకినట్టు సాకితేగాని అది కాపుకు రాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా మనది. అయినా ముఠాకక్షలు రగిలినప్పుడు ఈ సీమలో మనుషులతోపాటు చీనీ తోటలనూ రాత్రికి రాత్రే నరికారు. భయంతో ఊరు విడిచినవారి పొలాలు బీడుపడ్డాయి.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము చదవండి. శత్రుపట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్లచెట్లపై గొడ్డలి ఎత్తరాదని దేవుని ఆజ్ఞ. యుద్ధములోనే కూడని పని ఇరుగుపొరుగుల మధ్య తగునా?

ఆదికాండము 26వ అధ్యాయములో అబ్రహాము తవ్వించిన బావులను ఫిలిస్తీయులు మట్టి పోసి పూడ్చారు. ఆయన కుమారుడు ఈసాకు వాటిని తిరిగి తవ్వించాడు. కొత్త బావి తవ్వితే, నీళ్ళు మావేనని అక్కడి కాపరులు తగవుకు వచ్చారు. రెండవదానికీ అదే తగవు. ఈసాకు కర్ర ఎత్తలేదు, పార కిందపెట్టలేదు. మూడవ బావి దగ్గర జగడము ఆగింది. దానికి రెహోబోతు అని పేరు పెట్టాడు. అందరికీ చోటు దొరికిందని దాని భావం.

1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గారు 2009లో కన్నుమూసేవరకు ఈ పార కిందపెట్టలేదు. ఆయన స్థాపించిన ఆర్డీటీ బావులు తవ్వించింది, వాగులపై చెక్‌డ్యాములు కట్టించింది. అక్కడ ఇంకిన నీరు, పక్క పొలం ఏ వర్గమువాడిదని అడగదు.

ప్రియులారా, రాజీ కాగితముమీద వేలిముద్ర వేసినంత మాత్రాన సమాధానం రాదు. పాపసంకీర్తనం చేసి ఊరకున్నా చాలదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు జక్కయ. చెట్టు నరికినవాడు మొక్క తెచ్చి నాటాలి. కాలువకు అడ్డుకట్ట వేసినవాడే దాన్ని తీయాలి. బండిబాట మూసినవాడే తెరవాలి. నష్టపోయిన సోదరుడా, అతడు మొక్కతో నీ గట్టుమీదికి వచ్చిన రోజున వెనక్కు పంపకు. అది నీకు సులభం కాదు, ప్రభువుకు తెలుసు.

ఆ అధ్యాయం చివర అబీమెలెకు రాజు సంధికై వస్తాడు. తనను వెళ్ళగొట్టినవానికే ఈసాకు విందు చేసి, ప్రమాణం చేసి, సమాధానంతో సాగనంపాడు. సరిగ్గా ఆ రోజే పనివారు వచ్చి, తవ్విన బావిలో నీళ్ళు పడ్డాయని చెప్పారు.

మన ఊళ్ళలోనూ ఆ కబురు వినే భాగ్యం ప్రభువు దయచేయుగాక. ఆమెన్.