ప్రాకు జీవుల పక్షమున

2014 డిసెంబరు 9న సుందరవనములలో, బంగ్లాదేశ్ వైపున, సేలా నదిలో ఒక చమురు ఓడను మరియొక ఓడ ఢీకొనగా అది మునిగెను. సుమారు 3,50,000 లీటర్ల ఫర్నేస్ ఆయిల్ నీటిపై పరచుకొనెను. లోకము తలచినది ఎక్కువగా అక్కడి డాల్ఫిన్లను గూర్చియే. ఆ బురద గట్లపై బ్రతుకు ఉడుములను, మొసళ్లను తలచినవారు కొద్దిమంది. డాల్ఫిను ముఖము నవ్వుచున్నట్లుండును, మొసలి ముఖము అట్లుండదు. మన జాలి ముఖము చూచి కదలునదైతే అది న్యాయమగునా?

చమురునుండి తప్పించుకొను దారి ప్రాకు జీవులకు బహు తక్కువ. తాబేలుకు గాని మొసలికి గాని మొప్పలు లేవు. ఊపిరి కొరకు నీటిపైకి రావలెను, చమురు తేలునది అక్కడనే. తాబేలు ఇసుకలో గ్రుడ్లు పెట్టి వెళ్లిపోవును. ఆ గ్రుడ్డు పెంకు సన్నని రంధ్రముల గుండ గాలి పీల్చుకొనును. ఇసుకకు చమురు అంటినయెడల లోపలి పిల్లకు గాలి కరవగును.

ఈ సంగతి కోల్‌కతాకు దూరమైనది కాదు. తెలుగు క్రైస్తవులకును హుగ్లీ పరాయి నది కాదు. 1818లో శ్రీరాంపురమున తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది దాని ఒడ్డుననే. ఒకప్పుడు ఆ నగరపు బజారులలో బటాగూర్ అను నదీ తాబేళ్లు విరివిగా అమ్ముడుపోయెడివి. వాటిని అంతరించు స్థితికి తెచ్చినది ముఖ్యముగా మనుష్యుల ఆకలియే గాని చమురు కాదు. నిజము చెప్పవలెను గదా. సజనేఖాలిలో పెంచిన వాటిలో పదింటిని 2022 జనవరిలో సుందరవనపు నదులలో విడిచిరి. అవి ఈదు నీటికి పడమట హల్దియా చమురు శుద్ధి కర్మాగారమున్నది, ఓడల దారియున్నది. 2018 జూన్‌లో కృష్ణపట్నమునుండి కోల్‌కతాకు పోవు సరకు ఓడ సముద్రముపై తగులబడెను. 22 మంది నావికులు రక్షింపబడిరి గాని, ఓడలోని ఇంధనము ఎటు పారునోయని భయము మిగిలెను. అది మన తీరమునుండి బయలుదేరిన ఓడ.

లేవీయకాండము 11వ అధ్యాయము బల్లిని, తొండను అపవిత్రములనెను గదా యని కొందరందురు. అక్కడి నియమము తినుటను, తాకుటను గూర్చినది. ఆ జీవి చెడ్డదని తీర్పు కాదు. ఆదికాండము మొదటి అధ్యాయములో ప్రాకు జీవులకును మంచివను పేరే దొరకెను.

మనుష్యులు ముందు, బల్లులు తరువాత అనువారును కలరు. అయితే సేలా నదిలో ఆ చమురును ఎత్తినదెవరు? కొనువారుండుటచేత ఊరి జనులు, పిల్లలు సహా, ఒట్టి చేతులతో, గిన్నెలతో దానిని తోడి పోసిరి. ఉడుములు తిరుగు అదే బురదలో నిలిచి తోడిరి.