పాత్రశుద్ధి - చిత్తశుద్ధి

'పాత్ర' అను మాటకు రెండర్థములు కలవు. వంటకు, వడ్డనకు ఉపయోగించు గిన్నె పాత్ర. దానమునకో దయకో తగినవాడును పాత్రుడే. అపాత్రదానము కూడదని పెద్దలు చెప్పునపుడు, పగిలిన కుండలో పోసిన పాలవలె ఇచ్చినది నిలువదని వారి భావము. భగవంతుని ఆరగింపునకు అన్నము వండు గిన్నె ఎట్లుండవలెనో, ఆయన అనుగ్రహమును నింపుకొనవలసిన మనస్సు ఎట్లుండవలెనో ఈ ఒక్క మాటయే మనకు బోధించుచున్నది.

శ్రీవైష్ణవ గృహమున వంట తమకొరకు జరుగదు. పెరుమాళ్ళకు తళిగ సమర్పించి, అటుపిమ్మట దానిని ప్రసాదముగా స్వీకరింతురు. తమకొరకే వండుకొనువారు పాపమునే భుజింతురని గీతాచార్యుడు హెచ్చరించెను. కావున శంఖచక్రములు, తీర్థపాత్ర, శఠారి ఎట్లు ఆరాధనోపకరణములో, వంటయింటి తపేలాయు అట్టిదే. పూజామందిరమున వెండిగిన్నెను తళతళలాడునట్లు తోమి, వంటయింట చిలుము పట్టిన గుండిగలో వండుట ఆరాధనను సగములో విడుచుటయే యగును.

ఛాందోగ్యోపనిషత్తున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశము చివర, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, దానివలన ఎడతెగని భగవత్స్మృతి కలుగుననియు చెప్పబడినది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తికి ఏడు సాధనములను వివరించుచు 'వివేకము'ను మొదట నిలిపిరి. వివేకమనగా ఆహారశుద్ధి. ఆహారమునకు మూడు దోషములు కలుగునని వారు తెలిపిరి. స్వభావముచేతనే తగని పదార్థముల దోషము జాతిదోషము. ఆహారమునకు ఆధారమైన వ్యక్తినిబట్టి వచ్చునది ఆశ్రయదోషము. వెంట్రుక, ఎంగిలి మొదలగు వానిచేత మంచి అన్నమునకు తగులుకొనునది నిమిత్తదోషము. మంచి బియ్యము, మంచి పప్పు తెచ్చి, మడితో వండినను, గిన్నెనుండి చిలుమో సీసమో దానిలోనికి దిగినచో అది ఈ మూడవ దోషము వంటిదే యగును. కంటికి కనబడకపోవుటచే అది వెంట్రుకకంటెను ప్రమాదకరము.

ఇట నొక సందేహము కలుగవచ్చును. భక్తుని హృదయమునే చూచు స్వామికి పాత్రతో ఏమి పని? తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పుష్పములకంటె, భీముడను కుమ్మరి తన చక్రమువద్ద మట్టితో చేసి అర్పించిన పువ్వులే శ్రీనివాసునకు ప్రియమైనవని తిరుమల క్షేత్రమాహాత్మ్యము చెప్పుచున్నది గదా. నేటికిని స్వామికి దధ్యోదనము మట్టి ఓటియందు నివేదనయగుట ప్రసిద్ధము. పాండవుల అక్షయపాత్ర సూర్యుడిచ్చిన రాగిపాత్రయే, బంగారుది కాదు. దాని అంచున అంటియున్న ఆకుకూర మెతుకును నోట వేసికొని శ్రీకృష్ణుడు దుర్వాసుని, ఆయన శిష్యుల ఆకలిని తీర్చెను. అట్టి స్వామి లోహమును ఎంచునా?

స్వామి వెలను ఎంచడు, నిజమే. కాని ఆ మట్టిపాత్రల వాడుకను కొంచెము జాగ్రత్తగా పరిశీలింపవలెను. పూరీ జగన్నాథుని మహాప్రసాదము మట్టికుండలలోనే ఉడుకును. ఒకదానిపై నొకటిగా పేర్చిన కుండలలో అన్నము సిద్ధమగును. ఒకనాడు వాడిన కుండను మరునాడు మరల వంటకు ఎక్కించరు. మట్టికుండ చౌక కనుక ఎన్నిక కాలేదు. ప్రతిదినము కొత్తది కనుక, పాతవాసన లేనిది కనుక, శుచియైనది కనుక ఎన్నికయైనది. స్వామి పేదపాత్రను స్వీకరించును గాని, అశ్రద్ధతో నిండిన పాత్రను కోరడు. దారిద్ర్యము దోషము కాదు, అలక్ష్యము దోషము.

ఒక గృహమున ఇట్లు జరిగెననుకొందము. ఉడయవరుల తిరునక్షత్రము మరునాడు. నలుబదిమంది భాగవతులకు తదీయారాధన. అత్తగారు అటకమీదనుండి పెద్ద ఇత్తడి గుండిగను దింపించి, పులిహోరకు చింతపండు పులుసు రాత్రియే ఉడికించి దానిలో నిలువయుంచ సంకల్పించెను. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు గుండిగను తోముచు లోపల కళాయి పోయి పసుపుపచ్చని మచ్చలు తేలియుండుట గమనించెను. అంచు మలుపున ఆకుపచ్చని చిలుమును కలదు.

"అత్తయ్యగారూ, ఈ గుండిగకు కళాయి పోయినదండీ. పులుసు దీనిలో రాత్రియంతయు ఉంచవద్దు" అని ఆమె మెల్లగా చెప్పెను.

అత్తగారి మనస్సు నొచ్చుకొనెను. "మా అత్తగారి నాటినుండి ఆచార్యుల తిరునక్షత్రమునకు పులిహోర దీనిలోనే కలుపుచున్నామమ్మా. ఇన్నేండ్లు లేని దోషము నేడెట్లు వచ్చినది?"

"ఆ దినములలో ఏటేట కళాయివాడు వీధిలోనికి వచ్చెడివాడని మీరే చెప్పితిరి గదండీ. అతడు వచ్చి ఎన్నేండ్లయినదో?"

అత్తగారు మారు పలుకలేదు. కొంతసేపటికి తానే చింతపండు ముద్దతో గుండిగ లోపల గట్టిగా రుద్ది చూచెను. ముద్ద పచ్చబడినది. ఆ రాత్రి పులుసు రాచ్చిప్పలో ఉడికెను. తరువాత గుండిగ పట్టణమునకు పోయి కళాయి వేయించుకొని వచ్చినది. ధనుర్మాసమున చక్రపొంగలి మరల దానిలోనే అయ్యెను.

ఈ చిన్న సంఘటనయందు ఒక ధర్మసూక్ష్మము కలదు. పూర్వుల ఆచారము ఇత్తడి గుండిగ మాత్రమే కాదు. ఇత్తడి గుండిగయు, ఏటేట కళాయియు కలిసి ఆచారము. గుండిగను నిలుపుకొని కళాయిని మరచినవారు ఆచారమును పాటించుచున్నామనుకొందురు గాని, వారు నిలుపుకొన్నది సగమే. ఆ సగము ఇంటికి వచ్చిన నలుబదిమంది భాగవతుల కడుపులలోనికి విషమును పంపియుండెడిది. కోడలు అత్తగారి మాట కాదన్నట్లు కనబడినను, నిజమునకు ఆమె అత్తగారి అత్తగారి ఆచారమునే నిలిపినది. తన పెద్దరికమును అడ్డుపెట్టక, పరీక్షించి చూచి అంగీకరించిన అత్తగారి గుణమును అంతకంటె తక్కువది కాదు.

ఇక పాత్రల ఎన్నికను గూర్చి గృహస్థులు తెలిసికొనదగిన విషయములు కొన్ని కలవు. రాగియు తుత్తునాగమును కలిసినది ఇత్తడి. రాగియు తగరమును కలిసినది కంచు. రాగి వేడిని మిక్కిలి శీఘ్రముగా, సమముగా ప్రసరింపజేయును. కాని పులుపు తగిలినచో రాగియు ఇత్తడియు కరగి చిలుమగును. అందుకే వాని లోపల తగరపు పూత వేయుదురు. పాత్రను కాల్చి, నవాసారము చల్లి, తగరము కరగించి గుడ్డతో లోపలంతయు రుద్దుటయే కళాయి. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును గనుక కళాయి వేసిన గిన్నెను వట్టిగా మంటమీద ఉంచరాదు. ఇసుకతోను, ఇనుపపీచుతోను లోపల తోమరాదు. కళాయిలో సీసము కలుపనివానివద్దనే ఆ పని చేయించుకొనవలెను.

తుప్పు పట్టని ఉక్కు, అనగా స్టెయిన్లెస్ స్టీలు, 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డున హారీ బ్రియర్లీ చేసిన కృషివలన ప్రసిద్ధికి వచ్చినది. పులుపునకు, ఉప్పునకు అది నిలుచును. నూటికి 18 వంతులు క్రోమియము, 8 వంతులు నికెలు కలిగిన రకము వంటకు శ్రేష్ఠము. అయస్కాంతము అంటుకొననిచో మంచి స్టీలని అంగళ్ళలో చెప్పుదురు. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన చౌకరకమునకును అయస్కాంతము అంటుకొనదు గనుక ఆ పరీక్ష ఒక్కటే చాలదు. పైగా ఇండక్షను పొయ్యి వాడువారికి అడుగున అయస్కాంతము అంటుకొను గిన్నెయే కావలెను. స్టీలు వేడిని రాగిలో సుమారు 25వ వంతు మాత్రమే ప్రసరింపజేయును. కావున పలుచని స్టీలుగిన్నెలో క్షీరాన్నము అడుగంటును. అడుగున రాగిగాని అల్యూమినియముగాని పొరగా చేర్చిన మందపు గిన్నె మేలు. స్టీలు, అల్యూమినియము వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2024లో ఆదేశించినది. కొనునపుడు ఆ ముద్రను చూచుట మంచిది.

అల్యూమినియము తేలిక, చౌక; కాని చింతపండు, టమాటా, మజ్జిగపులుసు వంటివి దానిలో వండి నిలువయుంచరాదు. విదేశములలోని మనవారు స్వదేశమునుండి పాత్రలు తెప్పించుకొనునపుడు మరింత జాగ్రత్త వహింపవలెను. దిగుమతియైన కొన్ని ఇత్తడి, అల్యూమినియము మిశ్రలోహపు పాత్రలనుండి సీసము ఆహారములోనికి దిగుచున్నదని 2025లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. సీసము పసిపిల్లల బుద్ధివికాసమును దెబ్బతీయును. స్వామికి నివేదించి బిడ్డ నోట పెట్టు ముద్దలో అది ఉండరాదు.

వేపుళ్ళకు ఇనుప బాణలి తగును; పులుసునకు తగదు, నల్లబడును. పులుసునకు రాచ్చిప్ప తగును. అది నిదానముగా వేడెక్కి, దించిన తరువాతయు చాలసేపు ఉడికించును. కొత్త రాచ్చిప్పను కొన్ని దినములు గంజితో మరిగించి అలవాటు చేయవలెను. ఒక్కసారిగా పెద్దమంట తగిలినచో బీటవారును. మట్టికుండను నీట నానబెట్టిన పిదపనే పొయ్యికెక్కించవలెను. రంగుల మెరుగుపూత గల మట్టిపాత్రలలో సీసముండవచ్చును గనుక పూతలేని కుండయే వంటకు క్షేమము. అంటుకొనని పూతగల పెనములను వట్టిగా కాల్చరాదు. ఆ పూత 260 డిగ్రీలు దాటినచో చెడనారంభించును. గీతలు పడినవానిని మార్చుట మంచిది.

అంగడిలో గిన్నెను చేతబట్టి చూడవలెను. అడుగు మందముగా, సమముగా ఉన్నదా? లోపలి మూలలకు చేయి చేరునా? పిడి బిగించిన చీలలవద్ద మడ్డి నిలుచు సందులున్నవా? మూత సరిగా కూర్చొనునా? ఇరువది గిన్నెల మెరుపు జతకంటె, అన్నమునకొకటి, పప్పునకొకటి, పులుసునకొకటి, పాలకు ప్రత్యేకముగా నొకటి, ఒక బాణలి, తళిగకు రెండు చిన్నపాత్రలు మంచివి కొనుట చిన్న సంసారమునకు చాలును. అప్పుచేసి ఆడంబరమునకు కొన్న పాత్ర అలమరలో బరువు, మనస్సునకును బరువే. అన్యాయార్జితముతో కొన్న వెండిపళ్ళెముకంటె కష్టార్జితముతో కొన్న స్టీలుగిన్నె పెరుమాళ్ళకు ప్రియము. ఆశ్రయశుద్ధి యనగా గృహస్థునకు ముఖ్యముగా ఇదియే.

కొన్న తరువాత వానిని కాపాడుటయు కైంకర్యమే. ఏ పాత్రను ఎట్లు శుద్ధి చేయవలెనో ధర్మశాస్త్రములు కూడ తెలిపినవి. కంచునకు బూడిద, రాగికి పులుపు, పిమ్మట రెంటికిని మంచినీరు. పులుపుతో తోమి నీట కడుగక విడిచినచో ఆ శుద్ధియే చిలుమగును. మనస్సును అట్టిదే. పశ్చాత్తాపముతో దోషమును కడిగికొన్నవాడు అచ్చటనే నిలిచిపోక, భగవన్నామమను తీర్థముతో దానిని తడుపవలెను. లేనిచో పశ్చాత్తాపమే దిగులుగా గడ్డకట్టును. కళాయి ఏటేట వేయవలసినట్లే, సత్సంగమును ఒకసారితో చాలదు.

చివరకు దధిభాండుని వృత్తాంతము స్మరింపదగినది. యశోద చేతికి చిక్కక పరుగెత్తి వచ్చిన బాలకృష్ణుని అతడు తన పెద్ద కుండక్రింద దాచెను. యశోద వెదకి వెడలిపోయిన పిదప, "నాకు మోక్షమిత్తునన్నగాని కుండ తీయను" అని పట్టుపట్టెను. స్వామి సరేయనెను. "నాకు మాత్రమే కాదు, ఈ కుండకును" అని అతడు మరల కోరెను. స్వామి దానికిని అంగీకరించెనని మన పూర్వాచార్యులు ఆదరముతో చెప్పుకొనిరి. ఆ కుండ బంగారుది కాదు. అది తపస్సు చేయలేదు, శాస్త్రము చదువలేదు. పగుళ్ళు లేక, లోపల మరియొకటి లేక, స్వామికి చోటిచ్చినది. అంతే.

ఇంటింట వంటపాత్రలు అట్లు శుద్ధములై యుండుగాక. వానిని తోము చేతులు, వానియందు వండు మనస్సులు లోపల మరియొకటి లేక స్వామికి చోటిచ్చుగాక. అట్టివారెల్లరు శ్రీనివాసుని కృపకు పాత్రులగుదురు.