ఆజ్ఞాపాలనము – ధర్మవిచారము

పెద్దల ఆజ్ఞను శిరసావహించుట ధర్మమని మనమందరము బాల్యమునుండి వినుచున్నాము. ఇల్లు గాని, దేవాలయము గాని, రాజ్యము గాని, సైన్యము గాని ఆజ్ఞ లేనిదే నడువదు. ఐతే ఆజ్ఞ యిచ్చినవాడు అధర్మమునకు పురికొల్పినచో, దానిని నెరవేర్చినవానికి పాపమంటునా, అంటదా? ఈ సందేహము నాకు గ్రంథపఠనముచే కలిగినది కాదు.

సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట నేనొక పాఠశాలలో వ్యాకరణము చెప్పుచుంటిని. తల్లికి జబ్బుచేసి యింటికేగిన విద్యార్థి యొకడు గడువు దాటి పదిదినములకు తిరిగివచ్చెను. వాని పేరు భోజనపట్టికనుండి కొట్టివేయవలసినదని పైనుండి ఉత్తరువు వచ్చెను. అది అన్యాయమని నాకు తెలియును. ఐనను నోరు మెదపక స్వహస్తముతో ఆ పేరు కొట్టివేసితిని. "నేనేమి చేయుదును నాయనా! పైవారి ఆజ్ఞ" అంటిని. ఆ బాలుడు నాకు నమస్కరించి వెడలిపోయెను. మరల కనబడలేదు. నేనన్న ఆ మాట నేటికిని నా మనస్సున ముల్లువలె నాటుకొనియున్నది.

శ్రీరామచంద్రుడు తండ్రిమాటకై రాజ్యమును విడిచి పదునాలుగేండ్లు వనవాసము చేసెను. మారీచుడును రావణుని ఆజ్ఞను పాలించినవాడే. అది తగదని మొదట హితము చెప్పెను. చంపెదనని రావణుడు బెదరింపగా మాయామృగమయ్యెను. ఇద్దరును ఆజ్ఞాబద్ధులే గదా, భేదమెక్కడ? రాముడు తనకు కలుగు నష్టమును తానే వరించి ఆజ్ఞను పాలించెను. మారీచుడు పాలించిన ఆజ్ఞవలని దుఃఖము ఏ పాపము నెరుగని సీతమ్మ తలపై పడినది.

ఇక ఆజ్ఞను దాటినవారిని చూతము. భగవద్రామానుజులు పదునెనిమిది మారులు తిరిగి గోష్ఠీపూర్ణులవద్ద రహస్యార్థమును పొందిరి. ఎవరికిని చెప్పరాదని గురువాజ్ఞ. దాటినవారికి నరకమని తెలిసియు, తానొక్కడు నరకమున కేగినను పలువురు తరింతురుగదాయని అందరికిని ఉపదేశించిరి. గురువులు ఆ దయకు కరగి ఆలింగనము చేసికొని 'ఎంబెరుమానార్' అని పిలిచిరని గురుపరంపర చెప్పుచున్నది. శిక్షను తమపై వేసికొని, ఫలమును పరులకిచ్చిరి. నేనో, పరుని ఆకలికి అప్పగించి నా జీతమును కాపాడుకొంటిని!

ఇవి పూర్వకాలపు మాటలని కొందరనవచ్చును. కాని లోకవ్యవహారమును ఈ నిర్ణయమునకే వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945–46లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున నాజీ నాయకులను విచారించిరి. పైవారి ఆజ్ఞ అనుటచే దోషము తొలగదనియు, శిక్షను తగ్గించుటకు మాత్రము దానిని పరిశీలింపవచ్చుననియు ఆ న్యాయస్థానపు నిబంధన. మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు, పై అధికారి ఉత్తరువుపై అల్లరిమూకపై కాల్పులు జరిపిన సైనికుని ఉదాహరణముగా గైకొన్నవి. ఆ ఉత్తరువు చట్టమునకు అనుగుణమైనదైనచో అతనికి నేరము లేదు. అనగా రక్షించునది పైవాని నోటిమాట కాదు, ఆ మాటకు పైనున్న ధర్మము.

ఆజ్ఞ నిచ్చువాడును ఆ ధర్మమునకు లోబడినవాడే. నావలో నావికాధిపతి మాటకు తిరుగు లేదు. అందుచేతనే ఆపదలో ప్రయాణికుల రక్షణభారము అతనిది. 2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కంకార్డియా అను ఓడ రాతికి తగిలి ఒరిగిపోగా, ప్రయాణికులింకను లోపలనుండగనే దాని అధిపతి ఓడను విడిచెను. 32 మంది మరణించిరి. 2015లో అతనికి 16 సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడెను. భరతుడో, చేతికందిన సింహాసనమున అన్నగారి పాదుకలనుంచి, నందిగ్రామమున జటావల్కలములు ధరించి, ప్రతికార్యమును ముందుగా పాదుకలకు నివేదించి రాజ్యము నడపెను. తానును ఒకరి ఆజ్ఞలో నున్నానని యెరిగినవాడే ఆజ్ఞాపించుటకు అర్హుడు.

శ్రుతిస్మృతులు భగవదాజ్ఞలని మన పూర్వాచార్యుల సిద్ధాంతము. కావున పైనుండి యే ఉత్తరువు వచ్చినను, దీని భారము ఎవరిపై పడునని క్షణమాగి విచారింపవలెను. మనపై పడునదైనచో వినయముతో తలవంచుదము. నిరపరాధిపై పడునదైనచో, హితము చెప్పుదము. వినకున్నచో తప్పుకొనుటవలని నష్టమును భరింతము. గృహస్థులు పిల్లలకును పనివారికిని చెప్పు మాటలోను ఇది వర్తించును. ఆ బాలుడు ఎక్కడనున్నను శ్రీనివాసుడు వానిని చల్లగా చూచుగాక! నాకు మిగిలినది క్షమాభిక్ష మాత్రమే.