నీకేం వచ్చు?

2024లో ఒక సాయంత్రం మా పిన్ని కొడుకు మంగళగిరి నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నైపుణ్య గణన అంటూ ఇంటింటికీ వస్తున్నారు. నాన్నకి ఏం వచ్చని చెప్పమంటావు?"

నేనప్పుడు రింగాస్కిడీలో ఆఫీసు వదిలి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఐర్లండులో కార్క్ నగరానికి దిగువన, రేవు ఒడ్డున ఉన్న చిన్న ఊరిది. ఊరు చిన్నదే గానీ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదానిలో కంప్యూటర్లు చెప్పిన పని చెప్పినట్టే చేస్తున్నాయని పరీక్షించి, రుజువులు రాసిపెట్టడం నా పని.

"నలభై ఏళ్ళ నేత పని ఉందిగా, అదే చెప్పు" అన్నాను. వెనకనుంచి బాబాయి గొంతు వినబడింది. "నాకేం వచ్చురా! ఏమీ రాదని రాయించు. కొత్త కంపెనీల వాళ్ళకి మగ్గంతో ఏం పని?"

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నైపుణ్య గణన మీద నాకు కోపమేమీ లేదు. 2024 జూన్ 13న ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు సంతకం చేసిన మొదటి అయిదు ఫైళ్ళలో అదొకటి. ఎవరికి ఏం వచ్చో తెలిస్తే కంపెనీలను పిలవచ్చు, రానిది నేర్పించచ్చు. ఆలోచన మంచిదే. నన్ను పట్టుకున్నది బాబాయి అన్న మాట. నలభై ఏళ్ళ పనిని ఆయన ఒక్క క్షణంలో సున్నా చేసేశాడు.

నేను దానికి సరిగ్గా తిరగేసి చేశాను. ఎమ్మెస్ పట్టా చేతికొచ్చిన కొత్తలో, 2004లో, ఒక కన్సల్టింగు కంపెనీ వాళ్ళు నా రెజ్యుమెలో రెండేళ్ళ అనుభవం కలిపారు. నేనెన్నడూ చూడని ప్రాజెక్టు అది. చూసి ఊరుకున్నాను. ఉన్నది లేదన్నాడు బాబాయి, లేనిది ఉందన్నాను నేను. ఇద్దరం మమ్మల్ని మేము చూసుకుని జవాబు చెప్పలేదు. కొనేవాడి కళ్ళల్లోకి చూసి చెప్పాం.

మా ఫ్యాక్టరీలో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఆపరేటరు ఒకాయన ఉన్నాడు. రైతు బిడ్డ. ఉద్యోగంలో చేరేనాటికి కెమిస్ట్రీ ముక్క రాదట. "తెల్లవారుజామున లేవగలవా అని అడిగారు. ఆరేళ్ళప్పటినుంచీ నన్ను ఆవులు లేపుతున్నాయని చెప్పాను" అని నవ్వాడు. ఇవాళ పంపు చప్పుడు కాస్త మారితే మా స్క్రీను కన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

ఫైజర్ ఈ ఊరికి 1969లో వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఎవరైనా ఇల్లిల్లూ తిరిగి "మందుల తయారీ వచ్చా?" అని అడిగి ఉంటే ఏం రాసుకునేవారు? వ్యవసాయం, చేపలు, ఓడల పని. కానీ 1967లో ఐర్లండు హైస్కూలు చదువుకి ఫీజులు ఎత్తేసింది. 1970ల్లో కార్క్ లో సాంకేతిక కళాశాల పెట్టింది. జనానికి ఏం వచ్చో చూసి ఊరుకోలేదు, ఏం రాగలదో దానిమీద డబ్బు పెట్టింది. మన బాలానగర్ కథా అలాంటిదే. 1960ల్లో అక్కడ ఐ.డి.పి.ఎల్. వెలిసింది. ఆ కంపెనీలో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు.

అలాగని నైపుణ్యం ఒక్కటీ ఉంటే చాలనీ కాదు. కార్క్ లో 1983లో డన్‌లప్, 1984లో ఫోర్డ్, అదే ఏడు వెరోల్మ్ ఓడల కార్ఖానా మూతపడ్డాయి. ఆ పనివాళ్ళకి పని రాకనా? జాబితాతో ఉన్న ప్రమాదం ఇదే. కంపెనీ రాకపోయినా, వచ్చి వెళ్ళిపోయినా, లోపం మనిషిలోనే ఉందనిపిస్తుంది.

మరి లెక్కపెట్టడం మానెయ్యాలా? డేటాబేసులతో బతికేవాణ్ణి, ఆ మాట నేనెలా అంటాను? ఎవరున్నారో తెలియకుండా ఏ కంపెనీ అయినా కోట్లు పెట్టి ఎందుకొస్తుంది? కానీ ఇంటికొచ్చి "నీకేం వచ్చు?" అని అడిగినవాడు ఆ ఇంటికి బాకీ పడతాడని నాకనిపిస్తుంది. ఒకటి, చెప్పింది ఎవరి చేతికి వెళ్తుందో చెప్పాలి. రెండు, "ఏం నేర్చుకోవాలనుంది?" అని కూడా అడగాలి. మూడు, తిరిగొచ్చి జవాబు చెప్పాలి, ఉద్యోగం లేదన్నదే ఆ జవాబైనా సరే. ఈ మూడూ చెయ్యకపోతే అది కొట్లో సరుకు లెక్క.

మర్నాడు తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. "ఇలా చెప్పు. పడుగులో ఒక్క పోగు తెగితే చూడకుండానే చేతికి తెలుస్తుంది. రోజంతా కూర్చుని తప్పు లేకుండా పని చేస్తాడు. పదిమందికి నేర్పాడు. ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో అలాంటి వాళ్ళ కోసమే వెతుకుతారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. తర్వాత, "అన్నయ్యా, పదిమందికి నేర్పాడు గానీ నాకు నేర్పలేదు" అన్నాడు.

నాకేం చెప్పాలో తోచలేదు. "నేర్చుకోవాలనుందా?" అని మాత్రం అడిగాను. వాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు.