పాత్రత ముందా, గృహము ముందా?

అన్నదానమున పాత్రాపాత్ర విచారము లేదని పెద్దలు చెప్పుదురు. ఆకొన్నవాని ఆకలియే వాని పాత్రత. కాని నిలువ నీడలేని కుటుంబము ఎదుట నిలిచినపుడు లోకము ఈ న్యాయమును మరచును. వీరు త్రాగుడు మానిరా, పని వెదకుకొనిరా, నాలుగు డబ్బులు వెనుకవేయుట నేర్చిరా అని ప్రశ్నించును. ఇల్లు సత్ప్రవర్తనకు ఫలమా, లేక ఆధారమా అనునదే ఇచ్చటి ధర్మసందేహము.

అమెరికాలో చిరకాలము మొదటి పక్షమే నెగ్గెను. నిరాశ్రయ కుటుంబము తొలుత వసతిగృహమునను, పిదప తాత్కాలిక నివాసమునను ఉండి, మెట్టు మెట్టునకు యోగ్యతను నిరూపించుకొనిన పిమ్మటనే స్థిరమైన ఇంటికి చేరవలెను. 1988లో లాస్ ఏంజిలిస్ నగరమున టాన్యా టల్ అను మహిళ ‘బియాండ్ షెల్టర్’ అను సంస్థను స్థాపించి ఈ క్రమమును తలక్రిందులు చేసెను. ముందు అద్దె యిల్లు. తక్కిన సహాయము ఆ యింటిలో కుదురుకొనిన పిదప. 2009లో అమెరికా ప్రభుత్వమే 150 కోట్ల డాలర్లతో నిరాశ్రయతను నివారించుటకును, వీధిన పడినవారిని సత్వరముగా ఇండ్లకు చేర్చుటకును పూనుకొనెను.

ఇందలి యుక్తి సులభగ్రాహ్యమే. రేపటి రాత్రి ఎచ్చట పరుండవలెనో తెలియని తల్లి బిడ్డను ఏ బడిలో చేర్చగలదు? గృహస్థాశ్రమమే తక్కిన మూడాశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. అతిథిని ఆదరించుటకు గడప యుండవలెను గదా! ఇల్లు కోల్పోయినవాడు పుచ్చుకొనువాడుగనే మిగిలిపోవును. ఇచ్చుటకు వీలులేని ఆ స్థితియే అన్నిటికంటె పెద్ద నష్టము. దానిని లెక్కించువారు అరుదు.

అయితే త్వర యొక్కటియే చాలదు. 2010–12 మధ్య అమెరికాలోని 12 ప్రాంతములందు 2,282 కుటుంబములను చేర్చుకొని ఒక పరిశీలన జరిపిరి. తుది ఫలితములు 2016లో వెలువడెను. కొన్ని నెలల అద్దె సాయము మాత్రమే పొందినవారి స్థితి, మామూలు వసతిగృహముల తోవన పోయినవారికంటె అంతగా మెరుగుపడలేదు. వ్యయము మాత్రము తగ్గెను. దీర్ఘకాలపు సాయము పొందినవారిలోనో, తిరిగి నిరాశ్రయులగుట సగమునకు పైగా తగ్గెను. గృహహింసయు, మనోవ్యధయు తగ్గెను. బిడ్డలు తల్లిదండ్రులనుండి వేరుపడుట తొలి 20 నెలలలో గణనీయముగా తగ్గెను. ఆ కాలమున పెద్దలు పనికి పోవుటయు కొంత తగ్గిన మాట నిజమే. ఎన్నాళ్ళకో కంటినిండ నిద్రించినవారిని అంతలోనే సోమరులనుట తొందరపాటు.

భారతదేశమున 2011 జనాభా లెక్కలు 17 లక్షలకు పైగా నిరాశ్రయులను చూపెను. ఆశ్రయము జీవించు హక్కులో భాగమనియు, అది తలపై కప్పు మాత్రమే కాదనియు సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పియుండెను. అయినను నగరములందలి రాత్రి వసతులలో పెక్కు చోట్ల పురుషు డొకవైపు, స్త్రీయు బిడ్డలు మరొకవైపు. రాత్రికి కప్పు దొరకునుగాని కాపురము విడిపోవును. అచ్చటికి పోక కాలిబాటపైననే పరుండుటకు నిశ్చయించుకొను దంపతులను మూర్ఖులని విసుగుకొనువారు ఈ సంగతిని గమనింపరు.