అందరికీ ఒకే అడ్మిన్ వద్దమ్మా

అమ్మలూ, కాలేజీ స్విచ్‌లన్నీ నీ చేతికి వచ్చాయట, సంతోషం. వీలాన్‌లూ కేబుళ్లూ నువ్వే నేర్చుకుంటావు, వాటికి పెదనాన్న అక్కర్లేదు. లాగిన్ల సంగతి మాత్రం నన్ను చెప్పనీ.

ముందు ఏ స్విచ్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూడు. చాలాచోట్ల 'అడ్మిన్' ఒక్కటే ఉంటుంది, దాన్ని నలుగురూ వాడుతుంటారు. పోర్టు ఎవరు మూశారని లాగ్ తిరగేస్తే అడ్మిన్ అనే కనిపిస్తుంది. అడిగితే నేను కాదంటే నేను కాదంటారు. ఎవరి పేరు వాళ్లకి పెట్టు. సిస్కోలో ప్రివిలేజ్ లెవెళ్లు 0 నుంచి 15 దాకా ఉన్నాయి, 15 అంటే సర్వాధికారం. పోర్టు వెలుగుతోందో లేదో చూసి చెప్పే కుర్రాడికి 1 చాలు. అలిగితే అలగనీ. ఎనేబుల్ సీక్రెట్ కూడా అతనికి చెప్పకు, చెబితే 1కీ 15కీ తేడా ఉండదు. ఉద్యోగం మానేసినవాళ్ల పేరు ఆరోజే తీసెయ్. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఖాతా తెరిచేటప్పుడు యూజర్‌నేమ్ తర్వాత 'పాస్‌వర్డ్' అని కొట్టకు, 'సీక్రెట్' అని కొట్టు. మొదటిదైతే కాన్ఫిగరేషన్‌లో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. 'సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్' ఇచ్చాంగా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అది చేసేదల్లా టైప్ 7లోకి మార్చడం. చూడటానికి గజిబిజిగా ఉంటుంది గానీ విప్పడం క్షణం పని, తాళం వేసి చెవి గడప మీద పెట్టినట్టు. ఆ ఫైలు ఏ వెండరుకో మెయిల్ చేశావా, పాస్‌వర్డ్ పంపినట్టే. టైప్ 5 ఎండీ5 కాలం నాటిది. టైప్ 4 ఎక్కడైనా కనిపిస్తే వెంటనే మార్చు, దాని బలహీనతను 2013లో సిస్కోయే ఒప్పుకుంది. అమెరికా ఎన్‌ఎస్‌ఏ 2022లో ఇచ్చిన సూచనల్లో టైప్ 8 వాడమంది. నీ ఐఓఎస్‌లో ఉంటే అదే పెట్టు.

రేపు లాగిన్లన్నీ ఒకేచోట సరిచూసే టకాక్స్ సర్వరు పెడతారు, ఇక స్విచ్‌లో లోకల్ ఖాతాలెందుకని ఎవరో ఒకరు అంటారు. వినకు. ఆ సర్వరు పలకని రాత్రి నిన్ను లోపలికి రానిచ్చేది లోకల్ ఖాతా ఒక్కటే. అదీ లాగిన్ వరుసలో సర్వరు తర్వాత 'లోకల్' అని రాసి ఉంటేనే. ఒకటి గుర్తుంచుకో: సర్వరు పలికి, పాస్‌వర్డ్ తప్పని తిప్పికొడితే స్విచ్ లోకల్ జాబితా జోలికి పోదు. అసలు జవాబే రానప్పుడే అటు చూస్తుంది. ఈ అత్యవసర ఖాతాకి పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, కవరులో సీలు వేసి, ప్రిన్సిపాల్ గారి బీరువాలో దాచమను. ఒకసారి కవరు చించితే పాస్‌వర్డ్ మారాల్సిందే.

మార్చేటప్పుడు తొందరపడకు తల్లీ. ఉన్న సెషన్ మూయకుండా ఇంకో కిటికీ తెరిచి, కొత్త పేరుతో లోపలికి వెళ్లి, ఎనేబుల్ దాకా చూసుకున్నాకే సేవ్ చెయ్. సేవ్ చెయ్యడం మరిచిపోతే కరెంటు పోయి వచ్చేసరికి పాత పాస్‌వర్డే ఉంటుంది. టెల్నెట్ మూసేసి ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే ఉంచు. కన్సోల్ లైన్‌ని వదిలేయకు, దానిక్కూడా లాగిన్ ఉండాలి.

వచ్చే సెలవు రోజున ఒక్క స్విచ్‌కి మాత్రం సర్వరు అందకుండా చేసి, ఆ అత్యవసర ఖాతాతో లోపలికి వెళ్లగలవో లేదో చూడు. ఏమైందో నాకు ఫోన్ చెయ్.